మసకబారింది కారు లైట్లే అనుకున్నాం

మా మామ మగ్గం దిగి వ్యాపారంలోకి వచ్చాక కొన్న మొదటి పెద్ద వస్తువు ఆ కారు. మామ అంటే నా భర్త. మా అమ్మకు సొంత తమ్ముడు. పుట్టినప్పటి నుంచి మామా అని పిలిచిన నోటితో పెళ్లయ్యాక ఏమండీ అనడం నాకు చేతకాలేదు, ఆయనా అడగలేదు. మా అత్తగారు నాకు అమ్మమ్మే కాబట్టి ఆమెను అవ్వా అనే పిలిచేదాన్ని. మా పాపకు మాత్రం ఆమె జేజి. మా ఇళ్లలో ఇది మామూలే. అవ్వ కూడా తన మేనమామనే చేసుకుంది. ఆస్తి బయటికి పోకుండా అని కాదు, ఆస్తులు ఎవరికీ లేవు. తెలిసిన ఇంట్లో పిల్ల సుఖంగా ఉంటుందని.

మాది జమ్మలమడుగు దగ్గర నేతగాళ్ల ఊరు. మామ చిన్నప్పటి నుంచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడే. రెండువేల సంవత్సరం దాటాక మరమగ్గం చీరలు వచ్చి మా నూలు చీరలను అడిగేవాళ్లు తగ్గిపోయారు. వీధిలో ఒక్కొక్క మగ్గమే ఆగిపోతుంటే, నేసినవి ఎవరో ఒకరు బయటికి తీసుకుపోయి అమ్మకపోతే అందరం పస్తులుండాల్సిందేనని మామ ఆ పని తలకెత్తుకున్నాడు. మొదట బస్సుల్లో మూటలు మోశాడు. రెండు మూడేళ్లకు ప్రొద్దుటూరులో ఒక శెట్టి వాడేసిన చిన్న తెల్ల కారు కొన్నాడు. వెనక సీటు మడిచేసి చీరల మూటలు పేర్చుకుని ఒకరోజు కడప, పులివెందుల వైపు, ఒకరోజు కోయిలకుంట్ల, నంద్యాల వైపు పోయేవాడు.

ఆ శెట్టి ఇంట్లో కారుకు నీడ లేదు. ఏళ్ల తరబడి ఎండలోనే నిలబెట్టాడు. మాకూ నీడ లేదు. మా వీధి సన్నం, కారు ఊరి మొదట్లో బడి గోడ పక్కన ఉండేది. వెనకటి కార్లకు లైట్ల మీద గాజు ఉండేదట. దీనికి ప్లాస్టిక్. మా దిక్కు ఎండ, నాపరాళ్ల లారీలు లేపే తెల్ల దుమ్ము కలిసి దాన్ని తినేశాయి. మా చేతికి వచ్చేసరికే లైట్లు పల్చని బెల్లం పానకం రంగులో ఉండేవి. తర్వాత ఇంకా ముదిరి లోపల బల్బు ఉందో లేదో తెలియనంత గరుకుగా తయారయ్యాయి.

"రోడ్డే కనపడ్డం లేదు మే. ఈ లైట్లు కిరసనాయిలు బుడ్ల మాదిరి ఉండాయి" అని ఇంటికి రాగానే అనేవాడు మామ.

బల్బులు మార్పించాడు. లాభం లేదు. ఎవరో చెప్పారని టూత్‌పేస్టు పెట్టి రుద్దాడు. రెండు రోజులు మెరిసి మళ్లీ మామూలైపోయింది. ఇంకెవరో చెప్పారని కిరసనాయిలుతో తుడిచాడు. అప్పటికి తళతళలాడి, ఎండకు ఆరాక ముందుకంటే ఘోరంగా తయారైంది. ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలన్నీ లైట్ల చుట్టూనే తిరిగేవి. అన్నం తింటూ లైట్లు, పడుకోబోతూ లైట్లు. అవ్వకు విసుగొచ్చి, "ఆ కారును అమ్మేసి ఎద్దులబండి కొనుక్కో రా. దానికి లైట్లతో పని లేదు" అనేది.

పొద్దుండగానే ఇంటికి చేరదామని చూసేవాడు. కుదిరేది కాదు. కోయిలకుంట్లలో చీరల అంగడి శెట్టి పగలంతా గిరాకీ చూసుకుని, పొద్దు వాలాక గానీ మూట విప్పమనేవాడు కాదు. మధ్యాహ్నమే వచ్చేస్తే ఆ వారం చీరలు వెనక్కి తెచ్చుకోవాల్సిందే.

అప్పుడే మామ నన్ను వెంట రమ్మనడం మొదలుపెట్టాడు.

"నువ్వూ రా మే. ఒక్కణ్ణే పోయి రావాలంటే బేజారుగా ఉండాది" అన్నాడు ఒకరోజు, చెప్పులు వేసుకుంటూ.

పెళ్లయి అన్నేళ్లలో నన్ను ఊరు దాటించింది తక్కువ. పాపను అవ్వకు అప్పజెప్పి, ఉతికిన చీర కట్టుకుని, ముందు సీట్లో కూర్చున్నాను. తర్వాత అది అలవాటైపోయింది. అంగట్లో చీర మడత విప్పి అంచు చూపించడం, ఆడవాళ్లు అడిగితే రంగు నిలుస్తుందని చెప్పడం నా పని. ఒకసారి ఆళ్లగడ్డలో మూటలు దించాక అహోబిలం కూడా తీసుకుపోయాడు. పొద్దు వాలుతుంటే కొండ ఎక్కుతూ మెట్ల మీద నా చెయ్యి పట్టుకున్నాడు. పదిమందిలో చెయ్యి పట్టుకునే మనిషి కాదు. నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. ఆ సంతోషం చాలా రోజులు లోపల దాచుకున్నాను.

సాయంత్రం వెనక్కి వచ్చేటప్పుడు ఒక మాట చెప్పేవాడు. "ఏమన్నా అడ్డమొస్తే రోంత ముందుగాల చెప్పు. లైట్లు బాగలేవు."

నేను చెప్పేదాన్ని. అగో ఎద్దులబండి. అగో గొర్రెలు. ఎడమ పక్క సైకిలాయన పోతాండాడు. మోరీ వస్తాంది. అట్లా ఊరు వచ్చేదాకా ఏదో ఒకటి చెబుతూ కూర్చునేదాన్ని. ఆయన ఊఁ ఊఁ అంటూ నడిపేవాడు. మొగుడూ పెళ్లాలం కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉండేది నాకు.

అయినా చిన్న చిన్నవి జరుగుతూనే ఉండేవి. రోడ్డు మీద ఆరబోసిన జొన్న కంకుల మీదికి ఎక్కించాడు ఒకసారి. ఒకసారి కాలువ మీది మోరీ గోడకు రాసుకుని పక్క అద్దం ఊడిపోయింది. చివరికి ఒక సాయంత్రం నొస్సం దగ్గర, సైకిలు మీద గడ్డిమోపు కట్టుకుని పోతున్న ఒక ముసలాయనకు తగిలించాడు. మోపుకే తగిలింది. ఆయన గడ్డి మీదే పడ్డాడు కాబట్టి దెబ్బలు లేవు. నేను ఆ పూట పాప జ్వరం గురించి ఆలోచిస్తూ కిటికీ వైపు తిరిగి ఉన్నాను.

ముసలాయన లేచి దుమ్ము దులుపుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా, కండ్లు కనపడవా నీకు? ఇంత మోపు కనపడదా?"

"లైట్లు బాగలేవు పెద్దాయనా. తప్పైపోయింది" అన్నాడు మామ. దిగి, ఆ గడ్డంతా ఏరి మళ్లీ మోపు కట్టాడు. ముసలాయన చూసి, కోపం తగ్గి, "లైట్లు బాగ చేపిచ్చుకోని తిరగప్పా. నేనంటే ముసలోణ్ణి. పిల్లలు తిరిగే రోడ్డిది" అని సైకిలు నెట్టుకుంటూ పోయాడు.

మరుసటి రోజే జమ్మలమడుగులో మెకానిక్ దగ్గరికి పోయాం. ఆయన లైట్ల మీద గోరుతో గీకి చూశాడు.

"కొత్తవి కావాలంటే తెప్పియ్యల్ల అన్నా. శానా రోజులు పడ్తాది. రుద్దితే ఇవే బాగైతాయి. బండి ఈడ పెట్టిపోండి, రెండు మూడు రోజుల్లో చూస్తా" అన్నాడు.

కారు వదిలితే ఆ వారం చీరలు పోవు. మామ తటపటాయించడం చూసి, "ఇంట్లోనే రుద్దుకోవచ్చులే, ఓపికుంటే" అని ఎలా చేయాలో చెప్పాడు. నీళ్లలో తడిపి రుద్దే నల్ల కాగితాలు, వాటిని వాటర్ పేపర్ అంటారు, గరుకువీ నున్ననివీ నాలుగు రకాలు ఇచ్చాడు. ఒక డబ్బాలో తెల్లటి పాలిష్ ముద్ద ఇచ్చాడు. "మధ్యలో భయపడొద్దు. గరుకు కాగితం పడినంక పాల మాదిరి తెల్లగైతాది. చెడిపోయిందనుకుంటారు. అట్లనే పోతా ఉండల్ల" అన్నాడు.

అమావాస్య రోజు మా ఊళ్లో మగ్గాలు ఆడవు. ఆ పొద్దున బడి గోడ నీడలో కూర్చుని మొదలుపెట్టాం. ముందు సబ్బునీళ్లతో కడిగాం. చుట్టూ రంగు గీసుకుపోకుండా బట్ట పట్టీలు అంటించాం. కుడి లైటు నాకు, ఎడమ లైటు మామకు. పాప బిందెలో నీళ్లు తెచ్చి పోస్తూ ఉంది.

కాగితం ఆడించిన ప్రతిసారీ లైటు మీద నుంచి పచ్చటి నీళ్లు కారాయి. మజ్జిగలో పసుపు కలిపినట్టు. ఒకే దిక్కుగా రుద్దాలి, గుండ్రంగా తిప్పకూడదని మెకానిక్ చెప్పాడు. మాకు అది కొత్త కాదు. పడుగుకు గంజి పట్టించేటప్పుడు కుంచె కూడా ఒకే దిక్కుకు పోవాలి. కాసేపటికి పచ్చనీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చాయి. లైటు మొత్తం సున్నం కొట్టినట్టు అయిపోయింది. పాప చూసి, "చెడగొట్టినారు గదమ్మా" అంది. మెకానిక్ ముందే చెప్పకపోతే నేనూ అదే అనుకునేదాన్ని. తర్వాత నున్న కాగితం, ఇంకా నున్న కాగితం. వేళ్ల చివర్లు పొట్టు లేచాయి. చివరికి పాత నూలు గుడ్డకు పాలిష్ ముద్ద పూసి రుద్దుతుంటే, ఆ తెలుపులో నుంచి మెల్లగా లోపలి బల్బు బయటపడింది. బల్బు చుట్టూ ఉన్న వెండి గిన్నెలాంటిది కూడా అంచులతో సహా కనపడింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మామ కూడా, "అయిపోయింది మే" అని లేచాడు. ఆయన వైపు పోయి చూశాను. మధ్యలో అద్దంలా ఉంది. చుట్టూ, అంచుల వెంట, వేలెడు మందాన పాత పసుపు అలాగే ఉండిపోయింది. నాలుగు మూలలూ అంతే.

"అంచులు వదిలేసినావు కదా మామా."

"యాడ?"

"ఈడ. ఇదో, ఈ పక్కంతా."

మామ తలంతా వంచి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "అవును. చూసుకోలేదు" అన్నాడు. చీర అంచులో ఒక పోగు తప్పినా పట్టుకునే మనిషి. అలసిపోయి ఉంటాడనుకుని మిగిలింది నేనే రుద్దేశాను.

పొద్దు మునిగాక బడి గోడ మీదికి లైట్లు వేశాడు. గోడ మీద పిల్లలు బొగ్గుతో రాసిన అక్షరాలు ఒక్కొక్కటీ చదవొచ్చు. చూడ్డానికి వచ్చిన వీధిలోవాళ్లు బాగుంది బాగుంది అన్నారు. మామ నా పక్కకు వచ్చి మెల్లగా, "బాగుండాదా?" అని అడిగాడు.

"నీకు బాగలేదా?"

"బాగుండాది. బాగుండాది" అన్నాడు.

ఆ వారమే కోయిలకుంట్ల పోయాం. శెట్టి ఎప్పట్లాగే సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. సంజామల దాటేసరికి చీకటి పడింది. లైట్లు వేస్తే రోడ్డంతా పాలు పోసినట్టు తెల్లగా పరుచుకుంది. చింతచెట్ల మొదళ్లకు కొట్టిన సున్నం, మైలురాళ్లు, ఎక్కడో దూరంగా రోడ్డు దాటుతున్న కుక్క కళ్లు, అన్నీ తెలుస్తున్నాయి. ఇన్ని రోజులుగా ఎంత కష్టంగా నడిపించాడో పాపం అనుకున్నాను. ఇంత బాగా కనపడుతుంటే ఇంక నేను చెప్పాల్సిన పనేముంది. సీటుకు తల ఆనించి ఊరికే కూర్చున్నాను. ఆ దారిలో నేను నోరు మూసుకుని కూర్చున్నది అదే మొదటిసారి.

నొస్సం ఇంకా రాకముందు, రోడ్డుకు ఎడమ పక్క నాపరాళ్ల ట్రాక్టరు ఆగి ఉంది. టైరు పంచరైనట్టుంది. చక్రం ఊడదీసి, వెనక ఒక పెద్ద బండ అడ్డం పెట్టారు. వెనక లైటు లేదు, గుర్తుకు కొమ్మ కూడా కట్టలేదు. అయినా మా లైట్లకు చాలా దూరం నుంచే కనపడింది నాకు. పేర్చిన రాళ్ల అంచులు కూడా కనపడ్డాయి. మామ పక్కకు తిప్పుతాడులే అని చూస్తున్నాను. దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. కారు వేగం తగ్గలేదు. ఆయన ముఖం చూశాను. నిమ్మళంగా, ఖాళీ రోడ్డు మీద పోతున్నట్టే ఉన్నాడు.

"మామా, ట్రాక్టరు" అని అరిచి స్టీరింగు మీద చెయ్యి వేశాను.

కుడికి కోశాడు. నేను కూర్చున్న వైపు రాళ్ల చివర్లకు రాసుకుని, తలుపు నొక్కుకుపోయి, ఎడమ లైటు పగిలి, కారు రోడ్డు దాటి శనగ చేనులోకి దిగి ఆగింది. నా ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగిపోయింది. ట్రాక్టరు మనుషులు అవతలి గట్టు మీద కూర్చుని ఉండబట్టి బతికిపోయారు. పరిగెత్తుకుంటూ వచ్చి మమ్మల్ని బయటికి లాగి, నీళ్లు తాగించి, తువ్వాలుతో నా చెయ్యి కట్టారు. వాళ్లలో ఒకాయన, "లైట్లు అంత బాగ పడ్తాండాయి కదప్పా. నిద్ర పట్టిందా ఏమి?" అని అడిగాడు. బండి ఏదన్నా దొరుకుతుందేమో చూస్తామని వాళ్లు రోడ్డు మీదికి పోయారు.

మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. మామ నుదుటి మీద రక్తం కారి ఆరిపోయింది.

"కనపడలేదా మామా?"

"లేదు."

"శానా దూరం నుంచే కనపడ్తాండె కదా."

"నీకు కనపడిందా?" అన్నాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. తర్వాత ఆయనే, "లైట్లే అనుకుంటిని మే. నిజంగా లైట్లే అనుకుంటిని. రుద్దినంక గూడ అట్లనే ఉంటే, రోంత రోంత అలవాటైతాదిలే అనుకుంటిని" అన్నాడు.

"ఎప్పట్నుంచి ఇట్ల ఉండాది?"

"తెలీదు. ఒక్కరోజులో వచ్చిండేది కాదు. పగలు బాగనే ఉంటాది. పొద్దు మునిగితే గోనెసంచి కప్పినట్టుంటాది." తల పైకెత్తాడు. "ఇప్పుడు చుక్కలుండాయా?"

అమావాస్య పోయి రెండు మూడు రోజులే అయింది. ఆకాశం నిండా చుక్కలు.

"ఉండాయి" అన్నాను.

"నేను చుక్కల్ని చూసి శానా ఏండ్లయింది" అన్నాడు. "అందరికీ అంతేనేమో, వయసు పైబడితే కనపడవేమో అనుకుంటాంటి."

అప్పుడు నాకు అర్థమైంది, నన్నెందుకు వెంట తీసుకుపోతున్నాడో. అహోబిలం మెట్ల మీద నా చెయ్యి ఎందుకు పట్టుకున్నాడో. విరిగిన చెయ్యి కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది. కోపం కూడా వచ్చింది. కానీ ఆయన పక్కన కూర్చుని, ఏమీ లేని చీకట్లోకి చూస్తున్నట్టు ఆ చుక్కల వైపు చూస్తుంటే, ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో నా చేతికి కట్టు వేశారు. అవ్వకు సంగతి చెబితే, "రేచీకటి" అని తేల్చేసింది. చూపుకు మంచిదని వారం రోజులు మేక కారిజం, పొన్నగంటాకు వండిపెట్టింది. ప్రొద్దుటూరులో కళ్లజోడు అంగడి ఆయన అద్దాలు ఇచ్చాడు. దేనితోనూ గుణం కనపడలేదు. చివరికి కర్నూలులో ఒక కంటి డాక్టరు దగ్గరికి పోయాం. పగటి బస్సులో పోయాం.

చుక్కల మందు వేసి చాలాసేపు కూర్చోబెట్టారు. చీకటి గదిలో మామను ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చుక్కలు అటూ ఇటూ వెలుగుతున్నాయి. మామ వేలు బొత్తాం మీద కదలకుండా ఉంది. చాలాసేపటికి ఒకసారి నొక్కాడు.

డాక్టరు పెద్దావిడ. మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదట అడిగిన మాట, "మీది మేనరికమా?"

"అవును. నాకు మేనమామ" అన్నాను.

"ఆయన తల్లిదండ్రులది?"

"వాళ్లదీ అంతే."

ఆవిడ పెన్ను కింద పెట్టి మెల్లగా చెప్పింది. ఇది కంటి వెనక ఉండే జబ్బు, పుట్టుకతోనే వస్తుంది. ముందు రాత్రి చూపు పోతుంది, తర్వాత పక్క చూపు నాలుగు వైపుల నుంచీ తగ్గుకుంటూ వస్తుంది. మధ్యలో చూపు చాలా ఏళ్లు ఉండొచ్చు, అదీ పోవచ్చు. అద్దాలు పనిచేయవు.

"కంట్లో పొర ఏమన్నా ఉంటే తీసేస్తారంట కదా" అన్నాడు మామ.

"పొర కాదయ్యా. పొర అయితే తీసేసి పంపించేదాన్ని. దీనికి మందు లేదు, ఆపరేషన్ లేదు. మీరు కారు నడపకండి. పగలు కూడా వద్దు."

మామ తల ఊపాడు. లేచి దండం పెట్టబోతుంటే ఆవిడ ఇంకో మాట అడిగింది. "పిల్లలున్నారా?"

"ఒక పాప. పదకొండేండ్లు."

"చీకటి పడితే తడుముకుంటుందా? నడుస్తూ తలుపులకు, మంచాలకు తగులుతుంటుందా?"

పాప పొద్దు మునిగాక పెరట్లోకి పోయేది కాదు. పిరికిదని వాళ్ల జేజి తిట్టేది. కరెంటు పోతే ఎక్కడిదక్కడ కూర్చుండిపోయి, లాంతరు వచ్చేదాకా కదిలేది కాదు. దయ్యం భయం పట్టుకుందని జేజి దర్గాకు తీసుకుపోయి తాయత్తు కట్టించుకొచ్చింది. ఆ తాయత్తు పాప మెడలో నల్లదారానికి అప్పుడు కూడా ఉంది.

మామ నా వైపు చూశాడు. డాక్టరు మా ముఖాలు చూసి, "తీసుకురండి" అంది.

తీసుకుపోయాం. పాపకూ అదే ఉంది. అప్పుడే మొదలవుతోంది, చదువుకోనివ్వండి, ముందు బెంచీలో కూర్చోబెట్టమని చెప్పండి, చీకటి పడకముందే ఇంటికి చేర్చుకోండి అంది డాక్టరు. ఇంకా ఏదేదో చెప్పింది. నాకు వినపడలేదు. పాప బయట వరండాలో కూర్చుని, మందు వేసిన కళ్లు మూసుకుని, కాళ్లు ఊపుకుంటూ ఉంది.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాం. అవ్వ ఏడవలేదు. స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తర్వాత, మా తాత తమ్ముడు ఒకాయన ఉండేవాడని, పెళ్లయిన ఏడాదే ఒక సాయంత్రం చేను బావిలో పడి చనిపోయాడని చెప్పింది. పెళ్లాంతో పడక దూకాడని ఊరంతా అనుకున్నారు. ఆ అమ్మాయిని మాటలతో పొడిచి పొడిచి పుట్టింటికి తరిమేశారు.

"వాడు దూకిండడేమో మే" అంది అవ్వ. "పాపం, ఆ పిల్లను ఎన్ని మాటలంటిమి."

మా అమ్మ వచ్చి మా ఇంట్లో ఎవరికీ లేదే అని రెండు రోజులు ఏడ్చి పోయింది. తమ్ముడికి పిల్లనిచ్చింది తనే. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడం వల్లనే ఆమె ఎక్కువ కుమిలిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది.

కారు బాగు చేయించి అమ్మేశాం. కొనడానికి వచ్చినాయనకు మామ ప్రమాదం సంగతి దాచకుండా చెప్పాడు. ఎందుకు జరిగిందో కూడా చెప్పాడు. ఆయన మామ భుజం మీద చెయ్యి వేసి, మాట మార్చి, తాళాలు తీసుకుని పోయాడు. కొన్నాళ్లు మామ పగటి బస్సుల్లో చీరలు తీసుకుపోయాడు. బస్టాండుల్లో మనుషులకు తగులుతుంటే తాగి ఉన్నాడనుకునేవాళ్లు. కడప బస్టాండులో ఒకడు చెంప మీద కొట్టాడు. ఆ రోజు ఇంటికి వచ్చి, మూట ఒక మూలకు పెట్టి, "ఇంక నాతో కాదు మే" అన్నాడు. వీధిలో తక్కినవాళ్లు ఎవరి చీరలు వాళ్లు అమ్ముకోవాల్సి వచ్చింది. అమ్ముకోలేనివాళ్లు ఒకరిద్దరు తుమ్మలపల్లె గనుల దిక్కు కూలికి పోయారు.

మామ మళ్లీ మగ్గం ఎక్కాడు. పగలు, ఎదురుగా ఉన్న జానెడు బట్ట ఆయనకు బాగానే కనపడేది. పేక పోగును మోసే నాడె అటు పోయి ఇటు రావడం కనపడేది కాదు గానీ, చేతులకు తెలిసిన పని కాబట్టి జరిగిపోయేది. పోగు తెగితే నన్ను పిలిచేవాడు.

పాపకు మేం ఒక్కసారిగా చెప్పలేదు. తనే ఒక్కొక్కటి అడిగి తెలుసుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వసారాలో నూలు కండెలు చుడుతుంటే, మగ్గం గదిలో వాళ్లిద్దరి మాటలు వినపడ్డాయి. లోపలికి తొంగి చూశాను. పాప వాళ్ల నాన్న ముందు నిలబడి రెండు చేతులూ బారలా చాచి ఉంది.

"నాన్నా, నా ముక్కుకల్లే చూడు. చేతులు కనపడ్తాండాయా?"

"లేదు."

చేతులు కొంచెం దగ్గరికి తెచ్చింది. "ఇప్పుడు?"

"లేదు."

అట్లా తెచ్చి తెచ్చి, తన చెవుల దగ్గరికి వచ్చాక మామ, "ఆఁ, ఇప్పుడు" అన్నాడు. పాప చేతులు అలాగే పట్టుకుని ఆ ఎడం చూసుకుంది. తర్వాత వాళ్ల నాన్నను చేతులు చాచమంది. ఆమెకు చాలా ముందే కనపడ్డాయి, భుజాలు దాటి ఒక మూరెడు దూరంలోనే.

"నాకు నీకంటే శానా కనపడ్తాంది" అంది. ఇంకేదో ఆలోచించి, "నా అంతప్పుడు నీకు ఎంత కనపడ్తాండె?" అని అడిగింది.

పదకొండు పన్నెండేళ్ల వయసులో మామ వెన్నెల కూడా లేని రాత్రులు మా అమ్మతో కలిసి ఏటి ఇసుకలో దాగుడుమూతలు ఆడాడు. మా అమ్మ ఆ కథలు వంద సార్లు చెప్పింది. మామ పాప ముఖం వైపు చూశాడు.

"నీ అంతప్పుడు నాకు ఇంతకంటే తక్కువే కనపడ్తాండె పాపా" అన్నాడు. "నీకే మేలు."

పాప సరేనని బయటికి వచ్చి, నా పక్కన కూర్చుని కండె అందుకుంది. ముఖం తేలికగా ఉంది. నేను తలెత్తకుండా నూలు తిప్పుతూ ఉన్నాను. లోపల మగ్గం చప్పుడు చాలాసేపు మొదలు కాలేదు.